రాణి పాటకు అడ్డొచ్చిన చప్పుడు

"ఇవాళ ఈ స్టూడియో దీపాలన్నీ సూర్యశక్తితోనే వెలుగుతున్నాయండీ!" అని టాక్ షో ప్రత్యక్ష ప్రసారంలో విద్యుత్ శాఖ అధికారి ఛాతీ విరుచుకున్నాడు. షో నిర్మాత ఉలిక్కిపడి గోడ వైపు చూసింది. గోడ వెనక ఆ పాడు డీజిల్ జనరేటర్ పెట్టించింది ఆవిడే.

పక్క కుర్చీలో, చారిత్రక సంగీత నాటకంలో రాణి వేషం కట్టే గాయని పాట ఎత్తుకోబోయి ఆగి, సౌండ్ ఇంజనీరు వైపు తిరిగింది.

"ఏదో గుయ్యిమంటోంది నాయనా. నా శ్రుతికి అడ్డొస్తోంది, కాస్త ఆపించు."

గాయకులు అడిగిందే తడవుగా చప్పుడు ఆపించడం సౌండ్ ఇంజనీరుకు ఇరవై ఏళ్ల అలవాటు. వద్దు వద్దని నిర్మాత చేతులూపేలోపే బయటికి పరిగెత్తాడు.

స్టూడియో మొత్తం చీకటైపోయింది. తలుపు దగ్గర్నుంచి గొంతు వినిపించింది:

"ఆపేశానమ్మా! ఇక పాడండి."