మూడో బ్లాకు ఉత్తరం

మూడో బ్లాకు నీళ్ల వాల్వుకు మిల్లు కంపెనీ మనిషి తాళం వేస్తుంటే మేం ఖాళీ బకెట్లతో చూస్తూ నిలబడ్డాం. ఆ బ్లాకువాళ్లు చేసిన నేరం ఒక్కటే. కుళాయిలో అద్దకం షెడ్డు మురుగు కలుస్తోందనీ, పిల్లలకు వాంతులవుతున్నాయనీ మా కాలనీ మెయిల్ గ్రూపులో రాశారు.

ఆ గ్రూపు నడిపేది నేను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఎవరు పంపిన ఉత్తరమైనా ముందు నా దగ్గర ఆగుతుంది. నేను వదిలితేనే మిల్లు క్వార్టర్లన్నిటికీ వెళుతుంది. రాయడం రానివాళ్లు మా గడపలో కూర్చుని చెబితే నేను టైపు కొట్టి పంపుతాను.

మిల్లు సంక్షేమ అధికారి నన్ను పిలిపించాడు. ఆయన గదిలో నాన్న అప్పటికే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ ఉత్తరం ఎవరు చెప్పారమ్మా?"

"బ్లాకంతా చెప్పింది సార్."

"బ్లాకుకి నోరుంటుందా? పేరు కావాలి. ఇకమీదట నీళ్ల ఊసెత్తిన ఉత్తరం ఏదీ నిన్ను దాటి పోకూడదు. మీరుంటున్న ఇల్లు కంపెనీది, గుర్తుందిగా."

 తిరిగొస్తుంటే కాలనీ గేటు దగ్గర నాన్న, "ఆపెయ్ తల్లీ. సామాను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతాం?" అన్నాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిస్తే ఉత్తరాలు వరసగా ఆగి ఉన్నాయి. అన్నీ నీళ్ల గురించే. వదిలితే మా ఇల్లు పోతుంది. ఆపితే మిగతా బ్లాకుల పిల్లలు ఆ నీళ్లే తాగుతారు. 

ఆ ఉత్తరం చెప్పి రాయించిన పెద్దమ్మ, మిల్లులో ఊడ్చే మనిషి, వచ్చి పక్కన కూలబడింది. "నా పేరు చెప్పెయ్యవే."

"నీ పని పోతుంది పెద్దమ్మా."

"ఇప్పుడేమన్నా పట్టుపరుపు మీద పడుకుంటున్నానా? లే, అందరి దగ్గరికీ పోదాం."

వాల్వు దగ్గర జనం పోగయ్యారు. "మా ఉత్తరాలు ఆపడానికి నిన్ను మా నెత్తిన ఎవరు కూర్చోబెట్టారు?" ఫిట్టరన్న నా మీదికొచ్చాడు.

"మీరే కదన్నా."

కొందరు నవ్వారు. ఒకటో బ్లాకాయన, "మాకు నీళ్లొస్తున్నాయి, మాకెందుకీ గొడవ" అని గొణిగాడు.

"నీ బకెట్లోకి ఒకసారి తొంగిచూడు బాబాయ్," అంది నూలు వడికే అక్క. ఆయన చూశాడు. నీళ్ల మీద నీలంగా తెట్టు. బకెట్ కాలవలో ఒంపేశాడు. అక్క నావైపు తిరిగింది. "ఉత్తరం వదిలే అధికారం నీ ఒక్కదానికే ఉంటే, నొక్కడానికి వాళ్లకి ఒక్క గొంతు చాలు. అందరికీ ఇచ్చెయ్."

ఇచ్చేశాను. మెయిల్ ఉన్న ప్రతి ఇంటినీ నిర్వాహకుల్లో చేర్చాను. ఆగిన ఉత్తరాలన్నీ వెళ్లిపోయాయి. ఎవరు వదిలారో నేను చూడలేదు.

అధికారి, ఎప్పటిలాగే, గ్రూపు నిర్వాహకుల చిరునామాకు రాశాడు: పేరు పంపు, లేదా ఇల్లు ఖాళీ చెయ్యి. నాకొక్కదానికే అనుకున్నాడు. అది ఇంటింటికీ చేరింది.

మర్నాడు మా సామాను వీధిలో పడేశారు. కాలనీ అంతా వాల్వు మీదికి నడిచింది. ఫిట్టరన్న తాళం పగలగొట్టాడు. అతన్నీ నన్నూ పోలీసులు జీపెక్కించారు. నాన్న మా మంచం పక్కన నిలబడి చూస్తున్నాడు.

జీపు గేటు దాటకముందే జేబులో ఫోను మోగింది. గ్రూపులో కొత్త ఉత్తరం. కింద నాన్న పేరు. జీవితంలో ఆయన రాయించిన మొదటి ఉత్తరం.

"నా బిడ్డని తీసుకుపోయారు. తాళం తీసినా పైనుంచి మురుగే వస్తోంది. రేపు పొద్దున ఎవరూ షిఫ్టుకి పోవద్దు."

అది ఎవరు కొట్టారో, ఎవరు వదిలారో నాకు తెలియదు. పోలీసులు అడిగినప్పుడు అదే చెప్పాను.