వెళ్ళగోరు విద్యార్థుల సంఖ్య

ఆ ఫారం రాసింది నేనే. ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది.

రాబోయే ఇరవై ఏళ్ళలో సాంకేతిక కళాశాలలు ఎక్కడెక్కడ కట్టాలో తేల్చే ప్రణాళికా విభాగంలో నేను గణాంకాల అధికారిని. నాలుగు వందల పన్నెండు బడులకు ఫారాలు పంపాను. అందులో ఒక్క మాట తప్పని చూపిస్తే మీసం తీసేస్తానని ఆఫీసులో అందరి ముందూ గొప్పలు పోయిన మాట కూడా నిజమే.

లెక్క సులువైనదే. ఏడో గడిలో ‘పై చదువులకు వెళ్ళగోరు విద్యార్థుల సంఖ్య’ అని ఉంటుంది. ఒక ప్రాంతంలోని బడులన్నిటి అంకెలూ కలిపితే రెండు వందలు దాటాలి. దాటితే గోడమీది పటంలో అక్కడొక ఎర్ర పిన్ను. అలా తొమ్మిది పడ్డాయి. మా డైరెక్టరు చేతిలో స్కేలు లేకుండా మాట్లాడరు కనక చాటున అందరం స్కేలమ్మ అంటాం. ఆవిడ ‘తొమ్మిది కొత్త కళాశాలలు’ అని ముసాయిదా అట్ట మీద అచ్చు కూడా వేయించేశారు.

అప్పుడు మా అక్క ఫోను చేసింది. అక్క ఉప్పుమళ్ళ తీరంలో ఒక బడికి హెడ్మిస్ట్రెస్. ముక్కు మీద కోపం మా ఇంట్లో అందరికీ ఉంది గానీ పెద్ద వాటా ఆవిడదే.

“ఒరేయ్, మా వైపు కాలేజీ లేదటగా?”

“మీ నాలుగు బడులూ సున్నా రాస్తే ఎలా వస్తుందక్కా? ఒకదాని కింద నీ సంతకమే ఉంది.”

“నువ్వు అడగమన్నదే అడిగాను. ఒక్కళ్ళూ చెయ్యెత్తలేదు. లేని చేతులు రాయమంటావా?”

“మరి నన్నేం చెయ్యమంటావు?”

“వచ్చి నువ్వే అడుగు. వచ్చే శుక్రవారంతో మీ పుస్తకం మూసేస్తారటగా. మళ్ళీ ఇరవై ఏళ్ళకు గానీ మేం మీకు గుర్తురాం.”

అక్క నోటికి భయపడి మర్నాడే వెళ్ళాను.

పొడవాటి గది. కిటికీ ఊచలు ఉప్పుగాలికి తుప్పు పట్టి సగానికి సగం సన్నబడ్డాయి. బయట కనుచూపు మేరా తెల్లటి కుప్పలు. చివరి ఏడాది పిల్లలు బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. గొంతు సవరించుకుని నా వాక్యాన్ని నేనే అడిగాను.

“పై చదువులకు వెళ్దామనుకునేవాళ్ళు ఎంతమంది?”

ఒక్క చెయ్యి లేవలేదు. నాకు చిరాకేసింది.

“చదువంటే ఇష్టం లేదా మీకు?”

ముందు బెంచీ అమ్మాయి లేచి నిలబడింది. “ఇష్టమే సార్. వెళ్ళడమే కుదరదు.”

“అంటే?”

“పొద్దున్నే మళ్ళకు నీళ్ళు పెట్టాలి. నేను వెళ్ళిపోతే మా అమ్మ ఒక్కతే అయిపోతుంది. మీరు వెళ్తారా అని అడిగారు. చదువుతారా అని అడగలేదు కదా సార్.”

పై చదువులకు వెళ్ళడం. మనందరం అలాగే అంటాం. నోటికి ఎంత అలవాటంటే, అందులో ఊరు విడిచి పోవడం కూడా ఉందని మన చెవికి తగలదు. వీళ్ళకు అదే ముందు వినబడింది. నేను చదువు సంగతి అడిగాననుకున్నాను, వాళ్ళు ప్రయాణం సంగతి చెప్పారు.

“సరే. ఇక్కడే, మీరు నడిచి రాగలిగినంత దూరంలో, యంత్రాల పనీ కరెంటు పనీ మందుల తయారీ నేర్పే కాలేజీ ఉందనుకోండి. ఎంతమంది చదువుతారు?”

చేతులు లేచాయి. ఉప్పుకు పగిలిన వేళ్ళు, సిరా మరకల వేళ్ళు, వెనక బెంచీలో రెండేసి చేతులు. లెక్కపెట్టడమే నా బతుకుతెరువు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మధ్యలో తప్పాను. ఇంత ఆశ నేను కూడిన సున్నా కింద ఇన్నాళ్ళూ చప్పుడు చేయకుండా కూర్చుని ఉంది.

“అరవై ఎనిమిది,” అంది తలుపు దగ్గర నిలబడ్డ అక్క. “ఇవాళ అందరూ వచ్చారు.”

మిగతా మూడు బడుల్లోనూ అలాగే అడిగాను. మొత్తం రెండు వందల ముప్ఫై ఒకటి. తిరుగు బస్సులో మనసు పరిపరి విధాల పోయింది. ఈ నాలుగు బడుల అంకెలు మాత్రం దిద్దితే ఉప్పుతీరం జాబితాలో నాలుగో స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. అన్ని బడులనూ మళ్ళీ అడిగితే ఎక్కడ తేలుతుందో ఎవరికి తెలుసు? చూస్తే అక్కగారి ఊరు. కానీ అదే ఫారం నాలుగు వందల పన్నెండు గదుల్లో చదివారు.

మర్నాడు స్కేలమ్మ ముందు నిలబడి చెప్పేశాను. “ఒక మాట తప్పుగా రాశాను మేడమ్.”

ఆవిడ అంతా విన్నారు. స్కేలు బల్ల మీద పెట్టారు.

“మీ అక్కగారి వైపు బడులేనా, అన్నిటినీ అడుగుతారా?”

“అన్నిటినీ మేడమ్.”

“ఆరు రోజులుంది. ఫోన్లు పట్టుకోండి.”

నలుగురం కూర్చున్నాం. టీచర్లు మా ప్రశ్నను క్లాసులో అడుగుతుంటే ఫోన్లో బెంచీల చప్పుడు వినబడేది. ఇటుక బట్టీల దగ్గరి బడిలో సున్నా కాస్తా యాభై మూడయింది. గనుల బడిలో రెండు కాస్తా డెబ్భై ఒకటయింది. మూడో రోజుకు మా గదిలో ఎవరూ జోకులు వెయ్యడం లేదు. అంకె రాసుకుని ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. దేశమంతా చెయ్యెత్తి నిలబడిందనిపించింది నాకు.

శుక్రవారం జాబితా తయారైంది. ఉప్పుతీరం పదకొండోది. కాలేజీలు తొమ్మిది. నా చేత్తో నేనే మా అక్క బడి పిల్లల పేరు కొట్టేసినట్టయింది.

కాగితం స్కేలమ్మ ముందు పెట్టాను. ఆవిడ మొదటి వరస నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివారు.

“రెండు వందలు దాటినవి ఎన్ని?”

“ముప్ఫై నాలుగు మేడమ్. మనకున్నవి తొమ్మిదే.”

“ఆ తొమ్మిది ఎవరిచ్చారు?”

పైవాళ్ళిచ్చారనబోయి ఆగిపోయాను. ఎవరూ ఇవ్వలేదు. నా ఏడో గడి కూడితే వచ్చిన అంకె అది.

“నేనే మేడమ్,” అన్నాను.

ఆవిడ అట్ట మీది తొమ్మిదిని అడ్డంగా కొట్టేసి, పక్కన ముప్ఫై నాలుగు అని రాశారు. “పైవాళ్ళు అరుస్తారు. అరవనీ. ఒక్కటి తగ్గించాలన్నా ఆ పిల్లల్ని వాళ్ళనే అడగమంటాను.”

అక్కకు ఫోను చేశాను. “ముసాయిదాలో మీది ఉందక్కా. పదకొండోది.”

“తొమ్మిదేనన్నారు కదరా?”

“అది నేను తప్పుగా అడిగినప్పటి లెక్క.”