రెండు మార్కుల మోకాలు

పొయ్యి మీద మంట తగ్గించి వచ్చి, అత్తగారి మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, "ఒకటి, రెండు" అంటూ కాలు వంచడం ఏడాదిగా ఆమె పనే. ఆవిడ కన్నకొడుకు, అంటే ఈమె భర్త, ఆ వేళకి అద్దం ముందు ఉంటాడు. ఆ పొద్దున మాత్రం తాగిన కప్పు తనే సింకులో పెట్టి, గుమ్మంలో ఆగి మరీ అన్నాడు.

"చూశావా, ఈమధ్య నేనెంత మారానో!"

మారాడు, కాదనలేదు. రోజుకి ముప్పై గిన్నెలుంటే, అందులో ఒకటి తనంతట తాను సింకు దాకా వస్తోంది. ఆమె నడుముకే ఆ కబురింకా అందలేదు.

ఎముకల ఆసుపత్రిలో, పరిశోధన విభాగంలో లెక్కలు చూడటం ఆమె ఉద్యోగం. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న పన్నెండు వందల మందికి ఫోన్ చేసి, నొప్పి తగ్గిందా, మెట్లు దిగుతున్నారా, కుర్చీలోంచి లేస్తున్నారా అని అడిగి వందకి మార్కులు వేసింది. కొత్త రకం కీలు వేయించుకున్నవాళ్లకి పాత రకం వాళ్ల కన్నా సగటున రెండు మార్కులు ఎక్కువ వచ్చాయి. అంతమందిలో అది ఊరికే వచ్చిన తేడా అయ్యే అవకాశం తక్కువ. ఆ సంగతి చెప్పడానికి పట్టికలో దాని పక్కన నక్షత్రం గుర్తు పెట్టింది. పెద్ద డాక్టరు ఆ నక్షత్రాన్ని పతకం అనుకున్నాడు. "నొప్పి గణనీయంగా తగ్గింది" అని పత్రికకి పంపే వ్యాసంలో రాసేశాడు. కనీసం ఎనిమిది మార్కులు పెరిగితే గానీ మనిషికి ఒంట్లో తేడా తెలియదని ఆమె కింద ఒక వాక్యం చేర్చింది.

"అది తీసెయ్యమ్మా. విందుకి పిలిచి, కూరలో ఉప్పు చాల్లేదని మనమే చాటింపు వేసుకుంటామా?" అని నవ్వాడాయన. "ఈసారి నీ పేరు నా పక్కనే వేస్తాలే."

ఆరేళ్లుగా ఆమె పేరు చివరి పేజీ కృతజ్ఞతల్లో, టైపిస్టు పేరు తర్వాత పడుతోంది.

సాయంత్రం ఇంట్లో చెబితే భర్త తేల్చేశాడు. "ఒక్క వాక్యమేగా! వచ్చే పేరు కాలదన్నుకుంటావా?"

అత్తగారిది కొత్త కీలే. "నాకెన్ని మార్కులెక్కువే?" అంది.

"సగటున రెండు, అత్తయ్యా."

"ఆ ముక్క దీనికి కూడా చెప్పు. పాపం తెలీక, మెట్టు దగ్గర ఇంకా మొరాయిస్తోంది."

"నీకు తెలీదమ్మా, అది సైన్సు" అన్నాడు కొడుకు.

"మోకాలు నాదిరా."

ఒక్క మోకాలు సాక్ష్యం కాదని ఆమెకి తెలుసు. కానీ ఫోన్లో విన్న గొంతులు గుర్తొచ్చాయి. తగ్గిందా అని అడిగితే, "తగ్గిందనే అనాలి కదమ్మా, అంత శ్రద్ధగా చేశారు" అన్నవాళ్లు ఎంతమందో! ఆ మాట ఆమెకి కొత్త కాదు. అవతలివాళ్లు చిన్నబుచ్చుకుంటారని, తనకి తెలియని తేడాని తెలిసిందని తలూపుతూనే ఈ ఇంట్లో పదేళ్లు గడిపింది. ఇప్పుడు పన్నెండు వందల మంది తలలు కూడా తనే ఊపాలా?

మర్నాడు పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది. "తీసేశావా?" అన్నాడు తలెత్తకుండానే.

"తీశానండి. 'గణనీయంగా' అనే మాట."

ఆయన కాగితం అందుకున్నాడు. అడుగున ఉండాల్సిన ఆమె వాక్యం మొదటి వరుసలో ఉంది.

"మరి నీ పేరు?"

"అది మీ ఇష్టమండీ. లెక్క మాత్రం నాది" అని, ఆరేళ్లుగా నిలబడే మాట్లాడిన ఆ గదిలో, ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.