తాడు పట్టినవాడు

అబ్బురం అనే మాట ఎక్కడ పుట్టిందో లోకం మొత్తం మీద ఈ కథ చెప్పేవాడికొక్కడికే తెలుసు. మిల్లు పొగగొట్టం కింద పుట్టింది. పైన రంగు వేసే మనిషిని చూసి "అబ్బ!" అని తెరిచిన నోళ్ళలోంచి ఊడిపడింది.

ఆ రోజూ గొట్టం మొదట్లో బామ్మర్ది ఇనుప గూటానికి తాడు మెలివేసి, మడమలు నేలలో దిగేసి నిలబడ్డాడు. తాడు పైకి పోయి, అంచున ఉన్న కప్పీ మీదుగా తిరిగి, బావ కూర్చున్న చెక్కపీటకి దిగుతుంది. బావ కేక పెడితే మెలి విప్పి, పీటను కాస్త జార్చి, మళ్ళీ మెలివేయాలి. మెలి లేని ఆ కాసేపూ బావ ప్రాణం అతని గుప్పిట్లోనే. వేళ్ళు వంకర తిరిగి, గీతలు అరిగిపోయిన చేతులవి. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడు కూడా దండం పెట్టి తప్పుకుంటాడు.

ఈ పనికి ఒకటే కట్టుబాటు: తాడు పట్టినవాడు తలెత్తకూడదు. బావ దగ్గినా, విసుక్కున్నా తాడే చెబుతుంది. తల నెరిసింది గానీ బావ పనితనం అతను ఒక్కసారీ చూడలేదు.

బయల్దేరేటప్పుడు బావ గుమ్మంలో వేళాకోళమాడాడు.

"ఏరా బామ్మర్దీ, ఊరంతా నన్ను చూసి నోరెళ్ళబెడుతుంది. నీ మెప్పు మాత్రం చచ్చేలోగా దక్కేట్టు లేదురా."

గిన్నె తోముతున్న అక్క చెయ్యి ఆగింది. "పొద్దున్నే ఏం మాటలవి? నువ్వు తలెత్తకు తమ్ముడూ. ఆయన్ని నీ చేతుల్లో పెట్టి పంపుతున్నా."

"ఎత్తనక్కా. నా మెడకి వంగడమే వచ్చు."

మాట పుట్టుక గురించి ముందు కోసింది కోతే లెండి. అద్భుతమే జనం నోళ్ళలో నలిగి అబ్బురమైందని బళ్ళో పంతులుగారు బెత్తం పుచ్చుకుని మరీ చెప్పారు. "అబ్బురపడ్డవాడికి ఒళ్ళు తెలియదురా, జాగ్రత్త" అని కూడా అన్నారు.

మధ్యాహ్నం గాలి స్తంభించింది. గొట్టం మీది కాకులు ఎందుకో ఒక్కసారిగా లేచిపోయాయి. పైనుంచి కేక. బామ్మర్ది మెలి విప్పాడు.

అప్పుడే రోడ్డు మీద జనం "అబ్బ!" అన్నారు. టీ కొట్టు ఆవిడ అరిచింది: "చూడవయ్యా, ఒంటిచేత్తో వేలాడుతూ వేస్తున్నాడు! ఇంత దగ్గరుండి చూడవు, నువ్వేం మనిషివి?"

అతను తలెత్తాడు.

ఆకాశానికి ఆనుకుని చీమంత మనిషి. ఎర్రటి ఇటుకల మీద తెల్లటి పట్టీ, వెంట్రుకవాసి వంకర లేదు. ఇన్నేళ్ళూ తన చేతులు మోసింది దీన్నా! బావ కిందికి చూసి నవ్వాడు. బామ్మర్ది నోరు తెరుచుకుంది. నోటితోపాటే వేళ్ళూ తెరుచుకున్నాయి.

తాడు చర్మాన్ని ఒలుచుకుంటూ పోయింది. తర్వాత తేలికైపోయింది. జనం ఈసారి ఏమీ అనలేదు.

చీకటి పడేలోగా అతనే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క అతని మొహంకేసి చూడలేదు. తోలు లేచిన అరచేతులు చూసింది. చాలాసేపు చూసింది.

"చూశావా?"

"చూశానక్కా."

"బాగా వేస్తారా?"

"చాలా బాగా వేస్తాడక్కా."

బావ నవ్వాడన్నది మాత్రం చెప్పేవాడి కల్పన. అంత ఎత్తున మొహం ఎవరికి కనబడుతుంది? రంగు డబ్బా నిజం. ఎక్కి దింపేవాడు లేక గొట్టానికున్న కొక్కేనికే ఇంకా వేలాడుతూ, గాలి వీచినప్పుడల్లా ఇటుకలకి తగిలి మోగుతోంది.