తొమ్మిదో గడి

బీన్స్ ఈనెలు తీయడానికీ, దరఖాస్తులు చదవడానికీ కలిపి రెండు చేతులు చాలునని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. భోజనాల బల్ల మీద ఎడమవైపు పళ్ళెం, కుడివైపు లాప్‌టాప్. ఎడమచేత్తో కాయ పట్టుకోవడం, కుడిచేత్తో ఈనె లాగడం, చిటికెనవేలితో తెర మీద పేజీ కిందికి జరపడం. ఏటా వేసవి సెలవులకి ముందు రెండు వారాలు ఇదే పని. ప్రొఫెసరు గారి విభాగంలో ఎనిమిది వారాల వేసవి పరిశోధన ఒకటుంది. డిగ్రీ చదివే ఫిజిక్సు పిల్లలూ, కంప్యూటర్ సైన్సు పిల్లలూ ఎక్కడెక్కడి నుంచో దరఖాస్తులు పెడతారు. మూడొందలు వస్తాయి, పన్నెండు మందిని తీసుకుంటారు. ఎంపిక బాధ్యత ప్రొఫెసరు గారిది. ప్రొఫెసరు గారు ఆమె మొగుడు.

మొదటి ఏడు ఆయన "మార్కులు తక్కువైన వాళ్ళని పక్కన పెట్టు చాలు. నీదీ ఫిజిక్సే కదా, కాలక్షేపంగా ఉంటుంది" అన్నారు. రెండో ఏడు "వ్యాసాల మీద కూడా ఓ చూపు పడెయ్" అన్నారు. మూడో ఏటికి ఆయన చూడాల్సింది చివరి పన్నెండు పేర్లే. ఇప్పుడు ఏడో ఏడు. ఆ పన్నెండు కూడా ఆయన కారు తాళాలు వెతుక్కుంటూ వింటారు. "కంప్యూటర్ ముందు కూర్చుంటే పొయ్యి మీద కూర మాడదూ" అని అత్తగారు రోజూ ఒకసారి అంటుంది. ఏడేళ్ళలో ఒక్కసారీ మాడలేదు, ఆవిడ బాధంతా అదే.

పోయినేడు ఆఖరి వారం పిల్లలందర్నీ ఆయన ఇంటికి టీకి పిలిచారు. ఒక కుర్రాడు కప్పు అందుకుంటూ "సార్, నా వ్యాసంలో ఆ ఇసుక రేణువుల పేరా మీకు నచ్చిందని రాశారు, అది చదివి రాత్రంతా నిద్రపట్టలేదండీ" అన్నాడు. సారు ఇసుక అనే మాట మొదటిసారి విన్నట్టు ఒక్క క్షణం తడబడి, "గుర్తుంది, గుర్తుంది" అన్నారు. ఆ పేరా పక్కన నక్షత్రం గుర్తు పెట్టిన మనిషి ట్రే పట్టుకుని అక్కడే ఉంది. "చక్కెర సరిపోయిందా నాయనా" అని అడిగింది. ఇలాంటివి ఆమెకి అలవాటే. లోపల్లోపల నవ్వుకోవడానికి కాస్త సరుకు దొరికినట్టే ఉండేది కూడా. తనకి అన్యాయం జరుగుతోందన్న సంగతి తనకొక్కదానికే తెలియడంలో ఒక సుఖం ఉంటుంది. దానికి అలవాటు పడితే, మన చేతులు ఏం చేస్తున్నాయో చూసుకోం.

ఈసారి ఆఖరి రోజు, పన్నెండు పేర్లూ దాదాపు కుదిరాక, రెండొందల తొంభై ఎనిమిదో దరఖాస్తు దగ్గర చిటికెనవేలు ఆగిపోయింది. కారుతున్న కుళాయి గురించిన వ్యాసం అది. రాసింది డిగ్రీ మూడో ఏడు చదువుతున్న అమ్మాయి. ఇంట్లో అంట్లు తోమే తొట్టి మీద కుళాయి సరిగా బిగియదు. చుక్క పడే చప్పుడుని ఫోన్‌తో రికార్డు చేసి, ఒక చుక్కకీ మరో చుక్కకీ మధ్య ఎంత వ్యవధో లెక్కగట్టే ప్రోగ్రాం తనే రాసింది. కుళాయిని వెంట్రుకవాసి తిప్పితే లయ ఎలా చెడుతుందో, చెడినదాంట్లోనే మళ్ళీ ఒక క్రమం ఎలా కనబడుతుందో గీతలు గీసి చూపించింది. పదకొండు వేల చుక్కలు.

ఆమె బీన్స్ కాయ పళ్ళెంలో పెట్టేసింది. ఈ కుళాయి తనకి తెలుసు. పోయినేడు కూడా వచ్చింది. అప్పుడు చుక్కలు నాలుగొందలే. చదివి తను లేచి వెళ్ళి వంటింట్లో కుళాయి కాస్త వదులు చేసి, చుక్కలు వింటూ నిలబడింది కూడా. అత్తగారు "నీళ్ళు పోతున్నాయి" అని అరిచేదాకా. అంత నచ్చింది. మరి ఆ అమ్మాయి టీకి రాలేదే.

వ్యాసం చివర నాలుగు వాక్యాలున్నాయి. "పోయినేడు తొమ్మిదో గడిలో నిజం రాశాను. ఈసారి 'లేవు' అని రాశాను. మా ఇంట్లో పరిస్థితి ఏమీ మారలేదు. ఏడాదిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అయితే బాగుండదని ఇక్కడ చెబుతున్నాను."

తొమ్మిదో గడి ఏమిటంటే: "ఎనిమిది వారాలూ పూర్తిగా ఉండటానికి అడ్డువచ్చే ఇంటి బాధ్యతలు ఏమైనా ఉన్నాయా?" దరఖాస్తు ఫారంలో దాన్ని చేర్చింది ఎవరో కాదు, ఆమే. రెండో ఏడు ఒక అమ్మాయి అక్క కాన్పుకని మధ్యలో వెళ్ళిపోతే ప్రొఫెసరు గారు చిరాకుపడుతూ భోంచేశారు. "ముందే అడిగేస్తే పోలేదా" అంది ఆమె, వడ్డిస్తూ. ఆయన ముద్ద ఆపి "భలే ఐడియా ఇచ్చావోయ్" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అనడం అదొక్కసారే. మర్నాడు మీటింగులో "మేం బాగా ఆలోచించి" అని మొదలుపెట్టి చెప్పారట, చెప్పనీ. ఆ మెచ్చుకోలుని ఆమె కొత్త చీరలా మడతపెట్టి దాచుకుని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి చూసుకునేది.

అసలు ఆ ప్రశ్న అన్నం వడ్డిస్తుంటే పుట్టింది కాదు. ఇరవై ఏళ్ళ వయసులో ఆమెకీ ఒక లాబ్‌లో వేసవి సీటు వచ్చింది. చీకటిగదిలో కూర్చుని అద్దాల మధ్య వెలుగు చారలు లెక్కపెట్టే పని. ఆకలి కూడా తెలిసేది కాదు. మూడో వారం అమ్మ కాలు జారిపడింది. తమ్ముడికి పరీక్షలు. "రెండ్రోజులు వచ్చి వెళ్ళు తల్లీ" అన్నాడు నాన్న. రెండ్రోజులు రెండు నెలలయ్యాయి. ఇంకో వారం గడువివ్వమని లాబ్‌కి ఫోన్ చేస్తే, గైడు గారు సరేనని, ఫోన్ పెట్టేశాననుకుని పక్కవాళ్ళతో అన్నాడు: "అమ్మాయిల్ని తీసుకుంటే ఇంతే. ఒక సీటు దండగ." ఆ దండగ తనేనని ఆమె అప్పుడే ఒప్పేసుకుంది. ఆ ఒప్పుకోలే ఇన్నేళ్ళ తర్వాత ఒక గడి అయింది. తన తరఫున ఆ గైడుకి క్షమాపణ చెప్పుకున్నట్టు, తనలాంటి అమ్మాయిలు ఇంకెవరినీ ఇబ్బంది పెట్టకుండా తలుపు దగ్గర కాపలా నిలబడింది.

ఆమె ఫోన్ తీసి దరఖాస్తులో ఉన్న నంబరు నొక్కింది. ఏం మాట్లాడాలో అనుకోకుండానే.

"హలో, ఎవరండీ?" వెనక గిన్నెల చప్పుడు.

"వేసవి పరిశోధన గురించమ్మా. నీ దరఖాస్తు చదివాను."

గిన్నెల చప్పుడు ఆగింది. "కమిటీ నుంచాండీ?"

"కమిటీ అంటే..." ఆమె పళ్ళెంలోని కాయలకేసి చూసింది. "నేనేనమ్మా."

"మిగతా మేడమ్స్, సార్లు?"

"మిగతావాళ్ళు లేరు."

అవతల చిన్న నవ్వు వినబడి, భయంతో మధ్యలోనే తెగిపోయింది. "పోయినేడు సార్‌కి మెయిల్ రాశానండీ, ఎందుకు రాలేదో చెప్పమని. కమిటీ శ్రద్ధగా పరిశీలించింది అని జవాబిచ్చారు. అది కూడా మీరేనా?"

ఆ జవాబు కూడా ఆమే టైపు చేసింది. ఏటా అందరికీ అదే. "నేనే. విను తల్లీ, పోయినేడు నిన్ను పక్కన పెట్టింది నేను. తొమ్మిదో గడిలో రాశావు చూడు, మీ నాన్నమ్మ మంచం మీద ఉందనీ, సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉండాలనీ. అది చూసి."

ఆ పిల్ల మెల్లిగా అడిగింది. "అయితే పని బాగా లేక కాదాండీ?"

"కాదు. చాలా బాగుంది. అప్పుడే బాగుంది."

"గడి మీద అనుమానం ఉంది గానీ, పని బాగా లేదనే అనుకున్నానండీ. నాలుగొందలు సరిపోలేదేమో అనుకున్నా. అందుకే ఏడాదంతా కూర్చుని పదకొండు వేలు..." గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. "పోన్లెండి. చెప్పారు, అదే చాలు. మిగతావాళ్ళకి కూడా ఫోన్ చేస్తారాండీ?"

"ఎవరికి?"

"ఆ గడిలో నిజం రాసినవాళ్ళకి."

ఫోన్ పెట్టేశాక ఆమె చేసిన మొదటి పని పొయ్యి కట్టేయడం. రెండోది పాత జాబితాలు తెరవడం. నాలుగేళ్ళవీ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి, ప్రతి పేరు పక్కనా ఆమె రాసుకున్న చిన్న చిన్న మాటలతో సహా. తొమ్మిదో గడిలో ఏదో ఒకటి రాసినవాళ్ళు అరవై ఒక్కరు. యాభై ఎనిమిది మంది అమ్మాయిలు. "చెల్లెల్ని బడి నుంచి తీసుకురావాలి." "అమ్మకి షిఫ్టు డ్యూటీ, వంట నాది." "అన్నయ్య ఒప్పుకోవాలి, అడుగుతున్నాను." అందరి పక్కనా ఒకటే మాట: "మధ్యలో వెళ్ళే రకం." ఒక్కరినీ తీసుకోలేదు. మిగిలిన ముగ్గురు అబ్బాయిలు; ఇద్దరు మార్కుల దగ్గరే ఆగిపోయారు. మూడోవాడు అమ్మకి ఆపరేషన్, వారం రోజులు ఇంటికి వెళ్ళి రావాలి అని రాశాడు. వాణ్ణి తీసుకుంది. వాడి పేరు పక్కన తను రాసిన మాట చదివేసరికి ఆమె చెవులు వేడెక్కాయి. "బాధ్యత తెలిసిన పిల్లాడు."

ఎవరూ లేని గదిలో ఆమె ముఖం మీద కొంగు కప్పుకుంది. మొగుడు ఆమె పనిని తనదిగా చెప్పుకుంటున్నాడని లోపల్లోపల నవ్వుకుందే గానీ, ఆ పని ఏ పాటిదో ఒక్కసారైనా తిప్పి చూసిందా? ట్రే పట్టుకుని నిలబడిన ఆ గదిలోకి యాభై ఎనిమిది మందిని రాకుండా ఆపింది సారు కాదు, గైడు కాదు, అత్తగారు కాదు.

రెండింటికి ప్రొఫెసరు గారు భోజనానికి వచ్చారు. ఆమె అంతా చెప్పింది. ఆయన మజ్జిగ కలుపుకుంటూ విన్నారు.

"ఐడియా నీదే కదా" అన్నారు.

"నాదే."

"మరి బాధెందుకు? ఇప్పుడా కుళాయి పిల్లని చేర్చెయ్. ఇంటి దగ్గర్నుంచి చేసే కంప్యూటర్ పని ఏదైనా ఇద్దాం. వచ్చే ఏడు ఆ గడి తీసేద్దాం. అయిపోయింది."

"మిగతావాళ్ళో?"

"మిగతావాళ్ళేంటి? వాళ్ళంతా ఎప్పుడో మర్చిపోయి ఉంటారు."

"పదకొండు వేల చుక్కలు లెక్కపెట్టిందండీ. పని బాగా లేదనుకుని."

"చూడూ," ఆయన గొంతు తగ్గించారు, లోపలి గదిలో అత్తగారు నిద్రపోతున్నట్టు నటిస్తోంది కాబట్టి. "దరఖాస్తులు ఇంట్లో ఆడవాళ్ళు చూస్తున్నారని బయటికి పొక్కితే నేను తలెత్తుకోగలనా? నాలుగింటికల్లా జాబితా ఆఫీసుకి పంపెయ్. నాకు మీటింగుంది." చెయ్యి కడుక్కుని, తాళాలు వెతుక్కుని వెళ్ళిపోయారు.

లోపలి నుంచి అత్తగారు అడిగింది. "ఏమిటే గొడవ?"

"నేనొక తప్పు చేశానత్తయ్యా."

"కూర మాడిందా?"

"లేదు."

"మరింకేం" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

ఆమె బల్ల దగ్గర కూర్చుంది. ముందు ఈ ఏడాది దరఖాస్తులన్నింటిలో తొమ్మిదో గడిని కనబడకుండా మూసేసి, ఆ గడి చూసి పక్కన పెట్టినవాళ్ళని మళ్ళీ చదివింది. పన్నెండు పేర్లలో అయిదు మారాయి. కుళాయి అమ్మాయి మొదటి పేరుగా వచ్చింది, జాలితో కాదు. తర్వాత యాభై ఎనిమిది మందికి ఉత్తరం రాసింది. శ్రద్ధగా, కమిటీ, చింతిస్తున్నాం లాంటివి ఒక్కొక్కటే చెరిపేస్తే చివరికి మూడు వాక్యాలు మిగిలాయి. "మీ దరఖాస్తుని తిరస్కరించింది మీ పని బాగా లేక కాదు. ఇంట్లో మీమీద బాధ్యతలున్నాయని నిజం రాసినందుకు. ఆ ప్రశ్న పెట్టిందీ, మిమ్మల్ని పక్కన పెట్టిందీ నేనే, సిగ్గుపడుతున్నాను."

ఇన్నాళ్ళూ ఏం పంపినా ఆయన మెయిల్ తెరిచి పంపేది. ఆయన పాస్‌వర్డు ఆయనకన్నా ఆమెకే బాగా గుర్తు. ఈసారి తన మెయిల్ తెరిచింది. జాబితా అడుగున "దరఖాస్తులు చదివి ఎంపిక చేసినవారు" అని ఒక ఖాళీ ఉంటుంది. అందులో ఆయన పేరు టైపు చేయడం ఆమె వేళ్ళకి అలవాటు. వేళ్ళని ఆపింది. ఇసుక రేణువుల పేరాకి నక్షత్రం పెట్టినప్పుడు ఈ చోట తన పేరు ఉండాలని ఆమెకి తోచలేదు. ఇప్పుడు మాత్రం ఇంకెవరి పేరూ రాయడానికి మనసొప్పలేదు. తన పేరు టైపు చేసింది. పాత నాలుగు జాబితాలు కూడా తెరిచి, నాలుగింట్లోనూ మార్చింది. యాభై ఎనిమిది ఉత్తరాలూ పంపి, వాటి నకళ్ళూ అయిదు జాబితాలూ కలిపి ఆఫీసుకి పంపించింది.

నాలుగున్నరకి ఆఫీసు నుంచి సీనియర్ క్లర్కు ఫోన్ చేశాడు. ఏళ్ళ తరబడి ఆమె చేతి టీ తాగినవాడు, మర్యాదస్తుడు. "అమ్మా, చిన్న పొరపాటు జరిగినట్టుంది. సార్ పేరు ఉండాల్సిన చోట మీ పేరు పడింది. ఒకటి కాదు, అయిదింట్లోనూ. పైగా ఈ ఉత్తరాలూ..." అతను మాట కోసం తడుముకున్నాడు. "ఇవి బయటికి వెళ్తే సార్‌ని అందరూ తప్పుపడతారమ్మా."

"ఉత్తరాలు వెళ్ళిపోయాయండీ" అంది ఆమె. సిగ్గుతో ముఖం ఇంకా మండుతూనే ఉంది, గొంతు మాత్రం స్థిరంగా ఉంది. "అందులో పొరపాటేం లేదు. సార్‌ని మాత్రం ఏమీ అనకండి. పాపం, ఆయన ఒక్కటి కూడా చదవలేదు."