ఎనిమిది మిరియాలు

చికెన్ సూపు తేటగా రావాలంటే మొదట పైకి తేలే నురగని ఓపిగ్గా తీసెయ్యాలి. తీయకపోతే రుచేమీ చెడదు, కానీ సూపు మబ్బుగా మిగిలిపోతుంది. పొద్దున ఐదింటికే లేచి, తోలు తీయించి తెచ్చిన కోడిని ఎముకలతో సహా సన్నని సెగమీద గంటసేపు మరిగించి, నురగంతా తీసి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి ల్యాబుకి వెళ్ళాను. సాయంత్రం వచ్చి మూత తీస్తే కొవ్వు పైన తెల్లగా గడ్డకట్టి ఉంది. అంచు దగ్గర చెంచా పెట్టి లేపితే బిళ్ళలా ఊడి వచ్చింది. అలా ఊడి వచ్చినప్పుడల్లా నాకేదో గెలిచినట్టుంటుంది. మావారి ఒంట్లోకి చేరకుండా ఇంత కొవ్వు ఆపాను కదా అని.

తర్వాత క్యారెట్టు, బీన్సు, ఒక ఉల్లిపాయ. రెండు వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క. చివర్లో ఎనిమిది మిరియాలు, కచ్చాపచ్చాగా దంచినవి. తొమ్మిది కాదు. పంతొమ్మిదేళ్ళుగా రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నదాన్ని. చుక్క ఎక్కువైతే ఫలితం మారిపోతుందని తెలిసిన చేతులు ఇవి. మొదటిసారి పన్నెండు వేశాను. మావారు ఒక గుటక వేసి గుండెమీద చెయ్యి పెట్టుకుని దగ్గారు. "నీ నాలుక కోసం వాడి కడుపు కాలుస్తావటే?" అంది అత్తయ్య. పన్నెండు పది అయింది, పది ఎనిమిది అయింది. నాకు కారమంటే ప్రాణం. పెళ్ళికి ముందు మా అమ్మ నా కంచంలో విడిగా పచ్చిమిరపకాయ పెట్టేది. అలాంటిది పద్నాలుగు నెలలుగా ఎండుమిరపకాయ వాసన తగలని ఇల్లు మాది. "నాకొక్కడికీ రోగి కూడు పెట్టి మీరంతా వేరే తింటుంటే నాకు ముద్ద దిగుతుందా?" అన్నారు మావారు షుగరు బయటపడిన కొత్తలో. నిజమే కదా అనిపించింది. ఒక ఇంట్లో రెండు వంటలేమిటి?

ఆ పద్నాలుగు నెలల్లో నాకు దొరికిన ఒకే ఒక్క బహుమతి కడిగిన లంచ్ బాక్సు. తాగిన గ్లాసు కూడా సింకు దాకా తీసుకెళ్ళని మనిషి, మధ్యాహ్నం తిన్న బాక్సుని కడిగి, తుడిచి, మూత బిగించి ఇంటికి తెచ్చేవారు. మొదటి రోజు ఆశ్చర్యపోయాను. "అంతా నువ్వే చేస్తున్నావు, ఈమాత్రం చెయ్యలేనా?" అన్నారు. ఆ మాట ఎన్నిసార్లు తలుచుకున్నానో. ల్యాబులో పక్క టేబులు దగ్గర పనిచేసే ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా. "మీ ఆయన బంగారమండీ, మా ఆయన బాక్సు తెరిస్తే మూడు రోజుల వాసన," అని నవ్విందావిడ.

ఆవిడతోనే పదకొండు రోజుల క్రితం గొడవ పడ్డాను.

మావారి రక్తం ఎప్పుడూ నేనే తీస్తాను. పొద్దున్నే, మంచం అంచున ఆయన కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే, నొప్పి తెలియకుండా తీసి ల్యాబుకి పట్టుకెళ్తాను. అక్కడ ట్యూబుల మీద పేర్లు అంటించేది పక్క టేబులావిడే. షుగరుకి రెండు రకాల పరీక్షలుంటాయి. ఒకటి ఆ పూట సంగతి చెప్తుంది. రెండోది మూడు నెలల సగటు చెప్తుంది. ముందురోజు బుద్ధిగా ఉన్నంత మాత్రాన ఆ రెండోది మోసపోదు. పోయినసారి ఏడు పాయింట్ ఒకటి ఉన్నది ఈసారి తొమ్మిది పాయింట్ రెండు వచ్చింది. నమ్మలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. మిషను తప్పు చెబుతోందేమోనని, విలువ ముందే తెలిసిన శాంపిలు పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది. పరీక్షకి వాడే మందు పాతదేమోనని కొత్త డబ్బా విప్పాను. మూడోసారీ తొమ్మిది పాయింట్ రెండే. అప్పుడు పక్క టేబులావిడ మీద పడ్డాను. "ట్యూబుల మీద పేర్లు మార్చి అంటించావు. ఇది మావారి రక్తం కాదు," అన్నాను, అందరి ముందూ. ఆవిడ చేతి తొడుగులు విప్పి, చెత్తడబ్బాలో వేసి, బయటికి వెళ్ళి చాలాసేపు నిలబడింది. మిషన్ని అనుమానించాను, మందుని అనుమానించాను, పదేళ్ళుగా పక్కన కూర్చున్న మనిషిని అనుమానించాను. రాత్రి ఇంటికొచ్చి నా ఉప్పు చెంచానీ, నా క్యారెట్లనీ కూడా అనుమానించాను.

ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని "ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అన్నారు. గదిలో ఉన్నది ముగ్గురమే అయినా ముప్ఫైమంది నావైపు తిరిగినట్టనిపించింది. "నేనే," అన్నాను. "ఏం పెడుతున్నారమ్మా అసలు?" నేను నోరు తెరిచేలోపే మావారు నా భుజంమీద చెయ్యి వేశారు. "తననేమీ అనకండి డాక్టరుగారూ. పాపం ఉద్యోగం చేసుకుంటూ ఎంతని చూసుకుంటుంది?"

ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా భుజంమీద ఉంది. ఎంత మంచివారు అనుకున్నాను. డాక్టరుగారి ముందు నన్ను వెనకేసుకొచ్చారు అనుకున్నాను. ఆ మర్నాడే మా ల్యాబు పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్ళి, కొత్తగా ఇస్తామన్న ఇన్‌చార్జి పని నాకు వద్దని చెప్పేశాను.

ఇన్‌చార్జి అంటే పొద్దున ఆరింటికి ల్యాబు తెరవాలి. మిషన్లన్నీ సరిచూడాలి. ప్రతి రిపోర్టు కిందా 'సరిచూసినవారు' అన్నచోట నా సంతకం ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా నేను చూసిన అంకెల కింద ఎవరెవరో పెట్టిన సంతకం. ఆ పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "శనివారం దాకా ఇంకెవరికీ చెప్పనులే. ఆలోచించుకో," అన్నారు. ఆలోచించడానికేముంది? ఆరింటికి నేను వెళ్ళిపోతే ఎనిమిదింటికి మావారి టిఫిను ఎవరు చూస్తారు? వారమంతా అత్తయ్య, ఫోన్ వచ్చిన ప్రతివాళ్ళకీ "కోడలు ఉద్యోగం మీద పడి వాడి సంగతి పట్టించుకోలేదు, ఇప్పుడు తగ్గించుకుంటుందిలే," అని చెబుతూనే ఉంది.

ఇవాళ శుక్రవారం. శుక్రవారం భోజనానికి ఆడపడుచూ వాళ్ళాయనా వస్తారు. నలభై రెండేళ్ళొచ్చినా ఆమెని అందరం బుజ్జి అనే పిలుస్తాం. మావారి ఆఫీసుకి రెండు వీధుల అవతలే వాళ్ళిల్లు. ఏడింటికల్లా మా అమ్మాయితో సహా అందరూ బల్ల చుట్టూ చేరారు. నేను గిన్నెల్లో సూపు పోసి, రొట్టెముక్కలు పక్కన పెట్టి, నిలబడే ఉన్నాను. ఎవరికేం కావాలో చూసి గానీ కూర్చోవడం నాకు అలవాటు లేదు.

"ఏమిటి వదినా, ఇవాళ కూడా సూపేనా?" అంది బుజ్జి.

"షుగరు తొమ్మిది దాటింది మరి, మీ అన్నయ్యకి," అన్నాను.

"నువ్వింకాస్త జాగ్రత్తగా ఉండాల్సింది వదినా."

బుజ్జివాళ్ళాయన అమాయకుడు. కడుపులో ఏదీ దాచుకోలేడు. రెండు చెంచాలు తాగి, ఆనందంగా తల ఊపాడు. "చెల్లెమ్మా, నీ చేతిలో మహత్తు ఉంది. ఉప్పూ కారం లేకుండా ఇంత రుచి ఎవరికొస్తుంది? మా కుక్కని చూడు, దాని ఒళ్ళు అద్దంలా మెరుస్తోంది. పోయినవారం పశువుల డాక్టరు కూడా అడిగాడు, ఏం పెడుతున్నారండీ దీనికి అని. మా బావగారి భార్య వంటండీ అన్నాను!"

నేను నవ్వాను. అర్థంకాకపోయినా పొగిడితే నవ్వడం అలవాటు కదా. "మీ కుక్కకి నా వంట ఎక్కడిది అన్నయ్యగారూ?"

"అదేంటి, రోజూ బాక్సు వస్తుందిగా!"

బుజ్జి చెంచా గిన్నెకి తగిలి చప్పుడయింది. అత్తయ్య రొట్టెముక్కని చిన్నచిన్న ముక్కలు చెయ్యడం మొదలుపెట్టింది. మావారు సూపులోకి చూస్తున్నారు. బల్ల చుట్టూ ఒక్కొక్క మొహమే చూస్తూ వచ్చాను. ఆశ్చర్యపోయిన మొహం బుజ్జివాళ్ళాయనది ఒక్కటే. ఆయన ఆశ్చర్యం కూడా, నాకు తెలియదన్నందుకు.

చివర్లో మా అమ్మాయి దగ్గర ఆగాను. పదహారేళ్ళది. నిరుడు నాకు జ్వరమొస్తే నా పక్కనే పడుకున్న పిల్ల.

"నీకు తెలుసా?"

"నాన్నే చెప్పొద్దన్నాడమ్మా," అంది తల దించుకుని. "నువ్వు గొడవ చేస్తావని. సెలవుల్లో నేను కూడా వెళ్ళేదాన్ని. బుజ్జత్త వేపుళ్ళు చేసేది."

"మిఠాయిలు కూడానా?"

"ఈమధ్య రోజూ," అని తల ఊపింది.

పద్నాలుగు నెలలు. నేను లెక్కపెట్టి వేసిన మిరియాలు, కొలిచి పోసిన నూనె, తెల్లవారుజామున తరిగిన ముక్కలు. అన్నీ రెండు వీధులు నడిచి వెళ్ళి ఒక కుక్క పళ్ళెంలో పడ్డాయి. ఆ బాక్సుని కడిగింది బుజ్జి. ఈమాత్రం చెయ్యలేనా అన్న మాటని నేను దిండుకింద పెట్టుకుని పడుకున్నాను.

"ఇప్పుడేమైంది?" అంది అత్తయ్యే ముందుగా. "నోరు చప్పబడిపోయి చెల్లెలింట్లో నాలుగు ముద్దలు తిన్నాడు. పరాయి కొంపలో తిన్నాడా?"

"పారెయ్యలేదు కదా వదినా," అంది బుజ్జి. "మూగజీవానికే పెట్టాను. అన్నయ్య పాలిపోయి వస్తుంటే చూడలేకపోయాను."

"నీకు చెబితే బాధపడతావని," అన్నారు మావారు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. డాక్టరుగారి గదిలో విన్న గొంతే.

"తిన్న సంగతి అడగట్లేదు," అన్నాను. "డాక్టరుగారు వంట ఎవరు చేస్తారన్నప్పుడు మీకేమనిపించింది?"

"అప్పుడు నీ మీద ఒక్క మాట పడనిచ్చానా? నిన్నే వెనకేసుకొచ్చాను కదా!"

ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు. అది చూశాక నాకు అరవాలనిపించలేదు. అబద్ధం ఆడుతున్న మనిషిమీద అరవొచ్చు. నా తలమీద తప్పు మోపి, ఆ తప్పుని క్షమించి, అందుకు నా కృతజ్ఞత కూడా పుచ్చుకున్న మనిషితో ఏ భాషలో మాట్లాడతాం? ఆ కృతజ్ఞతతోనే కదా నా సంతకాన్ని నేనే వదులుకుని వచ్చాను. ఆ సాయంత్రం "వద్దన్నావా? మంచిపని చేశావు," అని నా తల నిమిరారు. నిమురుతున్నప్పుడు ఆయన కడుపులో బుజ్జి వండిన మధ్యాహ్నం భోజనం ఉండి ఉంటుంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నాకొక గిన్నె పోసుకున్నాను. ఉప్పు చాలిందా అని చెంచా చివర నాకి చూడటమే తప్ప, ఈ సూపుని వేడివేడిగా, కూర్చుని, చివరిదాకా నేనెప్పుడూ తాగలేదు. బాగుంది. తేటగా ఉంది. అల్లం ముందు తెలుస్తోంది, మిరియం చివర్న, గొంతు దగ్గర, చిన్నగా. ఎనిమిది సరిపోయాయి. నా చేతి లెక్క ఏనాడూ తప్పలేదు.

అందరూ నేను తాగడం చూస్తూ కూర్చున్నారు. గిన్నె ఖాళీ చేసి, ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. తలుపు వేసుకోలేదు. ముందు పక్క టేబులావిడకి చేశాను. "ఆ రక్తం మావారిదేనండీ. పేర్లు మీరు సరిగ్గానే అంటించారు. తప్పు నాది. రేపు అందరి ముందూ ఈ మాటే చెబుతాను," అన్నాను. "భోంచేశారా?" అందావిడ. ఆ ఒక్క ప్రశ్నకి నా కళ్ళు నిండాయి. ఆ తర్వాత పెద్ద డాక్టరుగారికి చేశాను. రెండే ముక్కలు. "ఆలోచించుకున్నాను సార్. సోమవారం ఆరింటికి తాళాలు నేనే తీస్తాను."

వెనక్కి తిరిగితే మావారు గుమ్మంలో ఉన్నారు. చేతిలో ఖాళీ గిన్నె. తెచ్చి సింకులో పెట్టారు. ఆ గిన్నెవైపూ నావైపూ చూశారు, ఏదో మెచ్చుకోలు కోసం అన్నట్టు.

"ఆరింటికంటే మరి నా టిఫినో?"

నేను కొవ్వు బిళ్ళని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాను.

"సరే, అది తర్వాత చూద్దాంలే," అన్నారు, గొంతు తగ్గించి. "కోపం తగ్గాక మాట్లాడుకుందాం. మళ్ళీ మూడు నెలలకి పరీక్షన్నారు కదా డాక్టరుగారు. రక్తం ఎప్పట్లాగే ఇంట్లో తీసేస్తావుగా? బయటివాళ్ళు గుచ్చితే నాకు భయం."

"ల్యాబుకి రండి," అన్నాను. "కౌంటర్లో టోకెన్ ఇస్తారు. నంబరు పిలిచేదాకా బల్లమీద కూర్చోండి. ఆ పరీక్షకి పరగడుపు అక్కర్లేదు. ఎక్కడ ఏం తినొచ్చినా ఫరవాలేదు."