వెంకాయమ్మ మినుములు

మావగారి మీద అపర్ణకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇడ్లీ దూదిలా వస్తే అది తమ వంశపు మినుముల గొప్పతనమనీ, గట్టిపడితే కోడలి చేతి గుణమనీ తేల్చేస్తారు. బందరులో ముప్ఫై ఆరేళ్లు లెక్కలు చెప్పిన భీమశంకరం మాస్టారి లెక్క అది.

ఆ లెక్కతోనే రెండేళ్ల కిందట ఒక మనిషిని దొంగను చేశారు. ఆ ఏడు దివిసీమలో, వరి కోతకు ముందు చేలల్లో చల్లిన మినుమంతా పల్లాకు తెగులొచ్చి పసుపుపచ్చగా మారిపోయింది. మాస్టారి చేనూ అంతే. ఆయన పొలంలో కూలికొచ్చే వెంకాయమ్మ కౌలుకు చేసుకునే అరెకరం మాత్రం పచ్చగా నిలిచింది.

"మా విత్తనాల కుండలో చెయ్యి పెట్టింది" అన్నారాయన, వెంకాయమ్మ ఉండే చర్చి వీధి మొగలో, పదిమంది ముందు.

"అదే విత్తనమైతే మన చేనెందుకు పోయింది మావయ్యగారూ?" అని ఇంటికొచ్చాక అడిగింది అపర్ణ.

"మంచివన్నీ అది ఏరుకుపోయిందమ్మా."

వెంకాయమ్మను మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. ఈ ఏడు కౌలు చేను కూడా దాని సొంతదారులు వెనక్కి తీసుకుంటున్నారు.

అపర్ణ కూతురు మేధ పంటల జన్యువులు చదివే ప్రయోగశాలలో పనిచేస్తుంది. అక్కడ మినుము జన్యుక్రమం మొత్తం చదువుతున్నారని తెలిసి, దొంగతనం రుజువు చెయ్యమని మాస్టారే గుప్పెడు గింజలిచ్చారు. వెంకాయమ్మ కూడా అడగ్గానే ఇచ్చింది.

ఫలితం పట్టుకుని మేధ వచ్చింది.

"తాతయ్యా, ఆవిడ మినుము మన కుండలోది కాదు. రకమే వేరు. తెగులును తట్టుకునే గుణం దాన్లోనే ఉంది."

"మరి మనది?"

"కొట్లో అమ్మే ప్యాకెట్ రకం."

మాస్టారు కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు. వంటింటి గుమ్మంలోంచి మాస్టారి భార్య అమ్మాజీ మెల్లగా అంది. "ఆరేళ్ల కిందట కుండకి పురుగు పట్టిందండీ. మీరు బాధపడతారని గుడివాడ నుంచి తెప్పించి పోశాను."

అపర్ణ నిర్ఘాంతపోయింది. "అది తెలిసీ ఆ రోజు ఊరుకున్నారా అత్తయ్యా?"

"అప్పటికే ఆయన పదిమందిలో అనేశారు కదే."

మొగుడి మాట నిలబెట్టడానికి ఒక ఆడమనిషి బతుకు బలైపోయింది. తను మాత్రం ఏం చేసింది, అనుకుంది అపర్ణ. ఆ రోజు ఒక్క ప్రశ్న వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు అందరూ వెంకాయమ్మ ఊరికి అవనిగడ్డ బస్సెక్కారు. అదే చర్చి వీధి మొగలో, మేధ చెప్పిన ఫలితం విని వెంకాయమ్మ కొంగు నడుముకు దోపుకుని నిలబడింది.

"తెగులొచ్చిన ప్రతిసారీ, పచ్చగా నిలిచిన మొక్కకి దారం కట్టి ఆ గింజే దాచాను మాస్టారూ. పదిహేనేళ్లు పట్టింది. అడిగుంటే చెప్పేదాన్ని కదండీ."

జనం చేరారు. మాస్టారి గొంతు తరగతిలోలా పైకి లేచింది.

"రుజువు లేనిదే దేన్నీ నమ్మొద్దని పిల్లలకి చెప్పినవాణ్ణి. కూలిమనిషికీ తెలివుంటుందని ఒప్పుకోలేక దొంగతనం అంటగట్టాను. వెంకాయమ్మ దొంగ కాదు. తప్పు చేసింది నేను."